పొడుగు గీత

రాయదుర్గంలో జీన్సు కుట్టే షెడ్డు.
రేకుల కింద నలభై రెండు మిషన్లు,
నలభై రెండు వంగిన వీపులు.
చివర ట్యూబులైటు కింద నా బల్ల.
ప్యాంటు తిప్పి చూస్తా, తిరగేసి చూస్తా,
తప్పున్నచోట సుద్దముక్కతో సున్నా చుడతా.

బళ్లారి నుంచి సరుకు వెనక్కొచ్చిన ప్రతిసారీ
తిప్పేరుద్రప్ప అందరినీ కలిపి తిడతాడు.
అందరినీ తిట్టిన తిట్టు
ఎవరికీ తగల్దు,
బండమీద వాన మాదిరి జారిపోతాది.
మర్నాడు మళ్లీ అవే ప్యాంట్లు, అవే సున్నాలు.

ఈసారి తప్పుల్ని లెక్కబెట్టినా.
పన్నెండు పనిరోజులు.
పాత క్యాలెండరు వెనకవైపు
నాలుగు నిలువు గీతలు, వాటిమీద అడ్డంగా ఒకటి.
మొత్తం రెండువందల నలభై.
ఏ జాతిదాన్ని ఆ జాతిలో కూర్చోబెట్టి
పొడుగుదాన్ని ముందు నిలబెట్టినా.

కుట్టు తప్పినవి నూటా ముప్పై ఒకటి.
జిప్పువి యాభై ఎనిమిది.
ఆ రెండే నూటికి దాదాపు ఎనభై!
తర్వాత రంగు తేడా, ఊడిన గుండీలు,
కొలత తప్పినవి, వంకర లేబుళ్లు...
దిగుడుబావి మెట్ల మాదిరి దిగుతా దిగుతా
చిట్టచివర
ఒకే ఒక్క గీత.

మా నాయన నాలుగెకరాల్లో శెనక్కాయ ఏసేవాడు.
మూటల్లో ముక్కాలు పాలు
బోరు పక్కనున్న ఒక చెక్కలోనే పండేది.
ఎరువు మాత్రం నాలుగెకరాలకూ సమంగా చల్లేవాడు,
అన్నదమ్ములకు ఆస్తి పంచినట్టు.
"ఆ చెక్కకే ఇంకో గంప ఎయ్యి నాయనా" అంటే
"మిగతా నేల ఏం పాపం చేసింది?" అనేవాడు.

పొడుగు గీతను మళ్లీ చీల్చినా.
మిషన్లవారీగా చూస్తే ఏ ఒక్కరి దగ్గరా పోగుపడలేదు.
వారాలవారీగా చూసినా:
రెండు సోమవారాల్లో ఏడు,
రెండు శనివారాల్లో నలభై నాలుగు.

సోమవారం ఏమిస్తారు?
ఆలోచిస్తా షంషాద్ మిషను దగ్గర నిలబడినా.
సూది మొన మీద గోరు పెట్టి చూస్తే
మొద్దుబారి గుచ్చుకోనంటా ఉంది.
"మార్చొచ్చు గదా?"
"సోమవారం ఇచ్చేది ఒకటే సూది వన్నూరక్కా.
నడుమ ఇంకోటి అడిగితే కూలిలో పదైదు రూపాయలు పట్టుకుంటారు.
మొద్దుబారినా ఇరగలేదు గదా,
శనివారం దాకా లాగిస్తా."

బల్ల దగ్గరికొచ్చి
పొడుగు గీత కింద 'కుట్టు తప్పు' కొట్టేసినా.
'పదైదు రూపాయలు' అని రాసినా.

తిప్పేరుద్రప్ప ఆ కాగితాన్ని
టీ చల్లారేదాకా చూసినాడు.
వెనక్కొచ్చిన లారీ బాడుగెంతో
నోట్లోనే కూడుకున్నాడు.
తెల్లారి నా బల్లమీద సూదుల డబ్బా ఉంది,
మూత తీసిపెట్టి.
పేర్లు రాసుకునే పుస్తకం మాత్రం కనపడలేదు.

తర్వాతి పన్నెండు రోజులకు
నూటా ముప్పై ఒకటి కాస్తా ఇరవై ఆరు.
ఇప్పుడు జిప్పుదే పొడుగు గీత,
నిన్నటిదాకా పొడుగోడి పక్కన నక్కి కూచున్నది.

అంతా బాగానే ఉంది గానీ
ఆ మొదటి కాగితంలో
చిట్టచివరి గీత నన్ను నిద్రపోనియ్యలేదు.
నెత్తుటి మరక. ఒకటి.
చింతగింజంత, లోపలి జేబు గుడ్డమీద.
"దాన్నొదిలెయ్, లెక్కకు రాదు" అన్నాడు సూపర్‌వైజరు.
నిజమే. గీత చెప్పేది అదే.

కట్ట చీటీ వెతికినా. మిషను ముప్పై నాలుగు.
మారెక్క. చేరి నాలుగు రోజులప్పటి మాట.
వేలికి నీలిగుడ్డ పీలిక చుట్టుకుని
ఇంకా కుడతానే ఉంది.
ఇప్పితే, మానింది గానీ గోరు సగమే మొలిచింది.
"అప్పుడే చెప్పల్ల గదమ్మా?"
"ఒకటే గదక్కా" అనింది.

నా కాగితంలో అది ఒకటి.
ఆ పిల్లకుండే ఎడమ చూపుడువేలూ
ఒకటే.